కుదింపు ప్యాకేజీని చేర్చుటయు, తొలగించుటయు

గడచిన విద్యాసంవత్సరమున మన పాఠశాల కంప్యూటరు గదిలో జరిగిన యొక చిన్న సంగతి యీ వ్యాసమునకు కారణము. దానిని చెప్పుకొనుటకు మాకు కొంత సిగ్గుగానే యున్నది. అయినను బోధించువారు తమ తప్పును దాచి, పరుల తప్పులను మాత్రమే పాఠముగా చెప్పుట న్యాయము కాదు గనుక దానితోనే మొదలు పెట్టుచున్నాము.

సంచికకు వచ్చిన వ్యాసములను, పద్యములను, తరగతుల నివేదికలను తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు మూడు మాసములు శ్రమపడి టైపు చేసిరి. ఆ ఫైళ్లన్నిటిని ఒక్క కట్టగా కట్టి, ఎల్‌జిప్ అను కుదింపు ప్యాకేజీతో చిన్నదిగా చేసి పెన్‌డ్రైవున భద్రపఱచితిమి. హార్డుడిస్కులో చోటు చాలదని మూలపు ఫైళ్లను చెఱిపివేసితిమి. పని ముగిసినదని తలచి పదవ తరగతి విద్యార్థి యొకడు, మేము నేర్పిన కమాండుతోనే, ఆ ప్యాకేజీని కంప్యూటరునుండి తొలగించెను. తొలగించిన పిమ్మట గది తుడిచి, దీపము లార్పి, తాళము వేసి తాళము చెవిని మాకు తెచ్చి యిచ్చెను. అంతటి బుద్ధిమంతుడు.

ఆ రాత్రి గాలివాన కురిసెను. ఇంటర్నెట్ తీగ తెగెను. సెల్‌ఫోనులకును సంకేతము లందకుండెను. ఉదయముననే అచ్చుకూటమువారు పుటలకై మనుష్యుని పంపిరి. పెన్‌డ్రైవులో మా ఫైలు చెక్కు చెదరక యున్నది. కాని దానిని విప్పు సాధనము గదిలోని యే కంప్యూటరునందును లేదు. తిరిగి తెచ్చుకొందమన్న దారి లేదు. పెట్టె యున్నది, తాళము చెవి లేదు. తుదకు పెన్‌డ్రైవును విశాఖపట్టణమునకు రైలులో పంపగా, అచట నున్న పూర్వవిద్యార్థి యొకడు తన కంప్యూటరున ఆ ప్యాకేజీని చేర్చుకొని, పుటలను విప్పి పంపెను. సంచిక రెండు దినములు ఆలస్యమైనను వార్షికోత్సవమునకు అందినది. మూడు మాసముల శ్రమ పోయినదని తలచి ఆ విద్యార్థి రెండు దినములును అన్నము సరిగా తినలేదని అతని తల్లి మాతో చెప్పినది.

తప్పు ఆ బాలునిది కాదు. తొలగించు కమాండును నేర్పిన మేము, దానిని ఎప్పుడు వాడరాదో నేర్పలేదు. ఆ కొఱతను ఈ పాఠముతో తీర్చుకొనుచున్నాము.

కుదింపు అననేమి?

మన యూరి బెల్లపు బజారును ఎఱుగనివారు లేరు. చెఱకు రసమును పెనములో కాచగా నీరు ఆవిరియై పోయి, తీపి మాత్రము గట్టిపడి బెల్లపు దిమ్మ యగును. బిందెలకొలది రసము కొద్దిపాటి దిమ్మగా మాఱును. బండిపై పోవుటకు వీలగును. కాని ఆ దిమ్మను నీటిలో కరగించినచో వచ్చునది పానకమే గాని మొదటి చెఱకు రసము కాదు. పోయినది పోయినదే. ఛాయాచిత్రములకు వాడు జేపెగ్, సంగీతమునకు వాడు ఎంపీత్రీ అను పద్ధతులు ఇట్టివి. కన్నును చెవియు అంతగా గుర్తింపజాలని వివరములను వదలివేసి, తక్కినదానిని చిన్నదిగా చేయును. ఇది నష్టముతో గూడిన కుదింపు.

పత్తిని బేలుగా అదుముట వేఱు. మరలో నొక్కినప్పుడు గదినిండు పత్తి మూటయంత యగును. బేలు విప్పి విదిలించినచో ఒక్క పోగైనను తగ్గక మఱల పత్తియే లభించును. వ్యాసములకు, మార్కుల పట్టికలకు, జమాఖర్చులకు ఇట్టి నష్టములేని కుదింపే కావలయును. పట్టికలో 91 అను సంఖ్య విప్పునప్పటికి 19 అయినచో ఎంత అనర్థము! జిజిప్, బీజిప్2, ఎక్స్‌జెడ్, ఎల్‌జిప్ అనునవి యన్నియు నష్టములేని కుదింపు సాధనములే.

ఒక్క చుక్కయు పోకుండ ఫైలు ఎట్లు చిన్నదగును? దీనికి మూలమైన ఉపాయములు రెండు. రెండును తెలుగువారికి క్రొత్తవి కావు.

మొదటిది పాటల పుస్తకములో నున్నది. కీర్తన మొదట పల్లవిని పూర్తిగా అచ్చువేయుదురు. తరువాత ప్రతి చరణము చివరను పల్లవి నంతయు మఱల అచ్చువేయరు. దాని తొలిమాటను మాత్రము రెండు నిలువు గీతల నడుమ నుంచుదురు. పాడువాడు ఆ గుర్తు చూడగానే వెనుకకు పోయి పల్లవిని ఎత్తుకొనును. 1977లో అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ అను పండితులు ప్రకటించిన పద్ధతి సారాంశము ఇదియే. వచ్చిన మాటల వరుసయే మఱల వచ్చినప్పుడు దానిని తిరిగి వ్రాయక, “ఇన్ని అక్షరములు వెనుకకు పోయి, ఇన్ని అక్షరములు ఎత్తుకొనుము” అని సూచన వ్రాయుటయే.

రెండవది పాత జాబులలో నున్నది. మన తాతలు జాబు వ్రాయునప్పుడు “మహారాజరాజశ్రీ” అని పూర్తిగా వ్రాయక “మ. రా. రా. శ్రీ.” అని సరిపెట్టెడివారు. తఱచుగా వచ్చుమాటకు పొట్టిగుర్తు, అరుదుగా వచ్చుమాటకు పూర్తిరూపము. 2013 జూలైలో మన దేశమున ముగిసిపోయిన టెలిగ్రాము సేవ పెద్దలకు జ్ఞాపకముండును. ఆ తంతి వార్తలు తొలుత నడచిన మోర్సు సంకేతములలో ఆంగ్లమున మిక్కిలి తఱచుగా వచ్చు ‘ఇ’ అను అక్షరమునకు ఒక్క చుక్కయే గుర్తు. ఈ న్యాయమును లెక్కతో స్థిరపఱచినవాడు డేవిడ్ హఫ్‌మన్. ఆయన పద్ధతి 1952లో ప్రకటింపబడెను.

ఈ రెండింటిని కలిపి పనిచేయు జిజిప్‌ను ఝాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ అనువారు 1992లో వెలువరించిరి. అంతకు ముందు వాడుకలో నుండిన ‘కంప్రెస్’ అను సాధనము యొక్క పద్ధతిపై పేటెంటు హక్కు లుండుటచే, ఎల్లరును స్వేచ్ఛగా వాడుకొనదగిన సాధనము అవసరమయ్యెను. మన కథలోని ఎల్‌జిప్‌ను ఆంటోనియో డియాజ్ డియాజ్ అను ఆయన 2008 నుండి వెలువరించుచున్నాడు. ఫైళ్లను చిరకాలము భద్రపఱచుట దాని ముఖ్యోద్దేశము.

తెలుగు లిపికి గల విశేషము

కుదింపు వలన మన భాషకు కలుగు లాభము ప్రత్యేకముగా చెప్పదగినది. యూనికోడ్ అను ప్రపంచ లిపిపట్టికలో తెలుగు 1991 నాటి మొదటి కూర్పునందే చేరినది. ఆ పట్టికలోని అక్షరములను ఫైలులో వ్రాయుటకు నేడు అంతటను వాడుచున్న యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావలయును.

మన ఊరిపేరునే తీసికొందము. ‘అనకాపల్లి’ అను మాటను కంప్యూటరు తొమ్మిది గుర్తులుగా వ్రాసికొనును: అ, న, క, దీర్ఘము, ప, ల, పొల్లు, ల, గుడి. గుర్తునకు మూడేసి చొప్పున 27 బైట్లు. అదే పేరును ఆంగ్లలిపిలో వ్రాసినచో పది అక్షరములకు పది బైట్లే. ఇది తెలుగునకు అన్యాయమని కొందఱు విద్యార్థులు మాతో వాదించిరి. వారు ఆ బైట్లను ఒక్కసారి వరుసగా చూడవలయును. ‘అ’ అనగా 224, 176, 133. ‘న’ అనగా 224, 176, 168. ‘క’ అనగా 224, 176, 149. పొల్లు అనగా 224, 177, 141. తొమ్మిది గుర్తులకును మొదటి బైటు 224యే. రెండవ బైటు ఎనిమిదింటికి 176. పొల్లునకు మాత్రము 177. అనగా 27 బైట్లలో 18 బైట్లు చెప్పినదే చెప్పుచున్నవి. మూడవ బైటు మాత్రమే క్రొత్త సంగతిని తెలుపుచున్నది.

చెప్పినదే చెప్పుటను తీసివేయుటయే గదా కుదింపు సాధనము పని! కావున పొడవైన తెలుగు ఫైలు మిక్కిలి చక్కగా కుదింపబడును. తెలుగు వికీపీడియాలోని వ్యాసముల మొత్తమును ఎవరైనను దింపుకొనుటకు వీలుగా బీజిప్2తో కుదించియే ప్రకటించుచున్నారు.

ఐతే రెండు హెచ్చరికలు. మిక్కిలి చిన్న ఫైలును కుదించినచో అది పెరుగుటయు గలదు. ఏలయనగా ప్రతి పెట్టెకును మూత, అడుగు ఉండవలయును. ‘అనకాపల్లి’ అను ఒక్క మాటను కుదించి చూచినచో ఇది తేటపడును. మఱియు జేపెగ్ చిత్రమువంటి, మొదటనే కుదింపబడిన ఫైలు మఱల కుదించినను తగ్గదు. పిండిన చెఱకు పిప్పిని తిరిగి గానుగలో పెట్టినను రసము రాదు.

ప్యాకేజీని చేర్చు విధము

మన గదిలోని కంప్యూటరులు డెబియన్ కుటుంబమునకు చెందిన లినక్సుపై పనిచేయుచున్నవి. అందు టెర్మినల్ అను నల్లని కిటికీ గలదు. మౌసుతో బొమ్మలపై నొక్కుటకు మాఱుగా అచట కమాండు టైపు చేయుదుము. ఇది కష్టమని కొందఱు తలంతురు. కాని బొమ్మపై నొక్కిన నొక్కు నోటుపుస్తకములో ఎక్కదు. వ్రాసిన కమాండును ప్రయోగశాల రికార్డు పుస్తకములో ఎక్కించుకొని, మఱునాడు మఱియొకడు తు.చ. తప్పక చేయవచ్చును. తప్పు జరిగినచో ఏ వరుసలో జరిగినదో చూపవచ్చును.

కమాండులను ఈ పుటలలో ఉచ్చారణనుబట్టి తెలుగులిపిలో అచ్చువేయుచున్నాము. కంప్యూటరున ఆంగ్లలిపిలో చిన్న అక్షరములతోనే టైపు చేయవలయును. వాని పటము గది గోడపై వ్రేలాడుచున్నది.

మొదట, “సుడో ఆప్ట్ అప్‌డేట్”. ప్యాకేజీల నన్నిటిని భద్రపఱచియుంచు దూరపు భాండాగారమునుండి తాజా జాబితాను ఇది తెచ్చును. జాబితా పాతబడినచో లేని సరకును అడిగినట్లగును. ‘సుడో’ అనునది అధికారపు ముద్ర. ప్రధానోపాధ్యాయుని సంతకము లేక టీసీ చెల్లనట్లే, ఆ మాట లేనిదే కంప్యూటరు తన మూలభాగములను ఎవరిచేతను ముట్టనీయదు. ‘సుడో’ అనగానే పాస్‌వర్డు అడుగును. టైపు చేయునప్పుడు తెరపై చుక్కలైనను కనబడకపోవచ్చును, బెదరవలదు.

రెండవది, “ఆప్ట్ షో ఎల్‌జిప్”. ప్యాకేజీ దేనికి పనికివచ్చును, ఎంత చోటు పట్టును, మఱి యే ప్యాకేజీలపై ఆధారపడియున్నది అను వివరములు కనబడును. పెండ్లికి ముందు సంబంధము విచారించుట వంటిది. దీనికి సుడో అక్కఱలేదు.

మూడవది, “సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎల్‌జిప్”. ఆప్ట్ భాండాగారమునుండి పొట్లమును తెచ్చి, దాని ముద్రను పరీక్షించి, విప్పి, తగిన చోటుల సర్దును. తోడుగా మఱికొన్ని ప్యాకేజీలు కావలసివచ్చినచో వాని పేర్లు చూపి, కొనసాగవచ్చునా యని అడుగును. ఆ పేర్లను చదువక ‘వై’ నొక్కువాడు, చదువక ప్రామిసరీ నోటుపై వ్రేలిముద్ర వేయువానితో సమానుడు.

నాల్గవది, “ఎల్‌జిప్ --వెర్షన్”. అనగా ఎల్‌జిప్ తరువాత ఒక ఖాళీ, రెండు అడ్డగీతలు, వెర్షన్ అను మాట. ప్యాకేజీ నిజముగా చేరినదియు, ఏ కూర్పు చేరినదియు ఇది తెలుపును. ఆ కూర్పు సంఖ్యను రికార్డు పుస్తకములో వ్రాసికొనవలయును. ఎందులకో ముందు తెలియును.

ఇచట విద్యార్థులకు ఒక వింత చెప్పవలసియున్నది. డెబియన్ ప్యాకేజీలు తామే కుదింపబడిన పొట్లములుగా వచ్చుచున్నవి. అనగా కుదింపు సాధనమును తెచ్చుకొనుటకే మఱియొక కుదింపు సాధనము ముందుగా ఉండవలయును! అందువలననే డెబియన్‌లో జిజిప్, టార్ అనువానిని ‘అత్యావశ్యకములు’ అని గుర్తించి యున్నారు. వానిని తొలగింపబోయినచో ఆప్ట్ గట్టిగా అడ్డుపడును. ఆ యడ్డును ఎట్లు దాటవలయునని మమ్ము ఎవ్వరును అడుగవలదు.

వాడుక, పరీక్ష

అనేక ఫైళ్లున్నచో ముందుగా టార్ అను సాధనముతో ఒక్క కట్ట కట్టవలయును. టార్ కట్టును గాని కుదింపదు. చెఱకు గడలను మోపుకట్టుట టార్ పని, గానుగ ఆడుట ఎల్‌జిప్ పని. కట్టకు ‘సంచిక.టార్’ అని పేరు పెట్టితిమనుకొందము. “ఎల్‌జిప్ సంచిక.టార్” అన్నచో ‘సంచిక.టార్.ఎల్‌జెడ్’ అను క్రొత్త ఫైలు పుట్టును.

ఇచటనే జాగ్రత్త పడవలయును. ఎల్‌జిప్ పని ముగించినంతనే మొదటి ఫైలును తానే చెఱిపివేయును. జిజిప్, ఎక్స్‌జెడ్ అనునవియు అట్లే చేయును. మొదటిదియు ఉండవలెనన్నచో కమాండు నడుమ ఒక అడ్డగీతయు, దాని ప్రక్కనే ‘కె’ అను అక్షరమును చేర్చవలయును. అడ్డగీతకు ప్రక్కన ‘టి’ చేర్చినచో, ఫైలును విప్పకయే లోపల చెడినదేమో పరీక్షించి చెప్పును. ‘డి’ చేర్చినచో విప్పును. కె అనగా ఉంచుము, టి అనగా పరీక్షింపుము, డి అనగా విప్పుము. ఈ మూడు అక్షరములు నోటికి వచ్చినవాడు సగము పాఠము నేర్చినట్లే.

పరీక్షింపని కుదింపును నమ్మరాదు. ఒక్కసారి వేఱు చోట విప్పి కన్నులార చూచువఱకు మూలమును చెఱుపరాదు. మేము ఈ నియమమును ఆ దినమున పాటింపలేదు.

తొలగించు విధము

తొలగించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలయును.

ఈ సాధనముతో మూసిన పెట్టెలు ఎచటనైనను మిగిలియున్నవా? “ఫైండ్” అను కమాండుతో ‘ఎల్‌జెడ్’ తోక గల ఫైళ్లనన్నిటిని వెదకవచ్చును. పెన్‌డ్రైవులను, ఉపాధ్యాయుల యొద్దనున్న ప్రతులను మఱువరాదు. అట్టివి యున్నచో ముందుగా విప్పవలయును, లేదా అన్ని కంప్యూటరులయందును ఉండు జిజిప్ వంటి సాధనముతో మార్చి మూయవలయును.

ఈ ప్యాకేజీతోపాటు మఱేమి పోవును? దీనిని ముందుగా తెలిసికొను ఉపాయము గలదు. “ఆప్ట్”, ఖాళీ, అడ్డగీత, ‘ఎస్’, పిమ్మట “రిమూవ్ ఎల్‌జిప్” అని వ్రాసినచో, ఆప్ట్ ఏమి చేయగలదో చెప్పును గాని ఏమియు చేయదు. నాటకమునకు ముందు ఒత్తిగ వంటిది.

తొలగించుట వలన లాభ మెంత? ఎల్‌జిప్ ఒక మెగాబైటునకు లోబడిన ప్యాకేజీ. దానిని తొలగించి మేము మిగుల్చుకొన్న చోటు ఒక ఛాయాచిత్రమునకైనను చాలదు. ఆ మాత్రమునకై రెండు దినములు పోగొట్టుకొంటిమి.

మూడింటికిని తగిన ఉత్తరము దొరికిన పిమ్మట “సుడో ఆప్ట్ రిమూవ్ ఎల్‌జిప్” అనవలయును. తొలగించునప్పుడు ఆప్ట్ పోవు పేర్లను చూపి, తప్పక అనుమతి అడుగును. ‘రిమూవ్’ ప్యాకేజీని తీసివేసి, దాని అమరికల ఫైళ్లను మాత్రము విడిచిపెట్టును. మఱల చేర్చుకొన్నచో పాత అమరికలు పనికివచ్చును. ‘పర్జ్’ అన్నచో అవియు పోవును. “సుడో ఆప్ట్ ఆటోరిమూవ్” అనునది, ఇతర ప్యాకేజీలకు తోడుగా వచ్చి ఇప్పుడు పనిలేక యున్నవానిని పంపివేయును. దాని జాబితానైనను చదువక ఒప్పుకొనరాదు.

ఒక్క సంగతిని బాగుగా గుర్తుంచుకొనుడు. రిమూవ్ గాని, పర్జ్ గాని మీరు వ్రాసికొన్న ఫైళ్లను ముట్టదు. అందుచేతనే ఏమియు పోలేదని భ్రమపడుదుము. పెట్టెలన్నియు ఉన్నచోటనే యుండును. పోవునది చెవి మాత్రమే.

లోకమంతయు తొలగింపవలసివచ్చిన ప్యాకేజీ

తొలగించు విద్య చిల్లర విద్య యని తలచువారికి 2024 మార్చి నెలలో జరిగినదానిని చెప్పుచున్నాము. ఎక్స్‌జెడ్ అను కుదింపు సాధనము లోకమందలి లినక్సు కంప్యూటరులలో మిక్కిలి విరివిగా వాడుకలో నున్నది. దానిని ఒక నిర్వాహకుడు ఏండ్లతరబడి, ఇంచుమించు ఒంటరిగా, జీతము లేక చూచుకొనుచుండెను. మాఱుపేరుతో ఒక వ్యక్తి 2021 నుండి సహాయుడుగా చేరి, మంచి పనులు చేసి, నమ్మకము సంపాదించి, తుదకు కూర్పులను తానే వెలువరించు అధికారము పొందెను. పిమ్మట 5.6.0, 5.6.1 అను కూర్పులలో దొంగదారి నొకదానిని దాచెను. దూరమునుండి కంప్యూటరులోనికి ప్రవేశించుటకు వాడు ఎస్ఎస్‌హెచ్ అను ద్వారమును, తనవద్దనున్న రహస్యపు చెవితో తెఱచుకొనుటకు అది ఏర్పాటు.

దానిని పట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు. ఆయన దొంగను వెదకలేదు. తన కంప్యూటరులో ప్రవేశమునకు మామూలుకంటె అర సెకను అధికముగా పట్టుచున్నదని గమనించి, ఆ అర సెకను ఎచటికి పోవుచున్నదని విచారించెను. 2024 మార్చి 29వ తేదీన సంగతిని లోకమునకు వెల్లడించెను. డెబియన్ స్థిరశాఖకు ఆ కూర్పులు అప్పటికి చేరలేదు, పరీక్షాశాఖలకు చేరియుండెను. ఆ శాఖలను వాడువారందఱును తమ కూర్పు సంఖ్యను చూచుకొని, చెడిన కూర్పును తీసివేసి, 5.4 వరుసలోని పాత కూర్పునకు మఱలవలసి వచ్చెను. కూర్పు సంఖ్యను వ్రాసికొనుడని మేము పైన చెప్పుట ఇందులకే. తనయొద్ద ఏ కూర్పున్నదో ఎఱుగనివాడు తాను ఆపదలో నున్నాడో లేదో కూడ ఎఱుగడు.

ఆ పొట్లములపై ముద్ర సరిగానే యుండెను. ముద్ర పొట్లమును ఎవరు పంపిరో చెప్పును గాని, పంపినవాని మనస్సును చెప్పదు. అందువలన అర సెకనును సైతము పట్టించుకొను శ్రద్ధ మనకు కావలయును.

ముగింపు

పద్మవ్యూహమును ఛేదించి లోపలికి పోవుట అభిమన్యునకు తెలియును; వెలుపలికి వచ్చుట తెలియదు. అతని శౌర్యమునకు కొఱత లేదు, విద్యకే కొఱత. ప్యాకేజీని చేర్చుట నేర్చి, తొలగించుట నేర్వని విద్యార్థియు అట్టివాడే. తొలగించుట నేర్చి, దేనికి ముందు తొలగింపరాదో నేర్వనివాడు అంతకంటె తక్కువ నేర్చినవాడు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ చేతులలోని ఫోనులయందును ఈ న్యాయమే చెల్లును. ఒక యాప్‌ను తీసివేయుటకు ముందు, దానిలో మాత్రమే భద్రపఱచిన చిత్రములు, లెక్కలు, పత్రములు ఏవైన నున్నవేమో చూడుడు. పిల్లవాడు “తీసివేయనా?” యని అడిగినప్పుడు “సరే” యనక, “అందులో ఏమున్నది?” అని అడుగుడు.

మేము ఈ సంవత్సరమునుండి మూడు నియమములు పెట్టుకొంటిమి. సంచిక పుటలు కుదింపని ప్రతి యొకటి, కుదించిన ప్రతి యొకటి వేఱువేఱు చోటుల నుండును. కుదించిన ఫైలు ప్రక్కనే, అది యే సాధనముతో, ఏ కూర్పుతో మూయబడినదో తెలుపు చిన్న కాగితపు ఫైలు, కుదింపక, సాదా తెలుగున నుండును. తొలగింపుల పుస్తకములో ఇద్దఱి సంతకములు లేక ఏ ప్యాకేజీయు గది విడిచిపోదు. మొదటి సంతకమును ఆ విద్యార్థియే చేసెను. నేడు ఆ పుస్తకము అతని యధీనముననే యున్నది.

అభ్యాసములు

1. మీ ఊరిపేరును తెలుగున వ్రాసి, కంప్యూటరు దానిని ఎన్ని గుర్తులుగా, ఎన్ని బైట్లుగా వ్రాసికొనునో లెక్కింపుడు. గుణింతపు గుర్తులను, పొల్లును విడిచిపెట్టవలదు.

2. ఒక పొడవైన తెలుగు వ్యాసమును, ఒక జేపెగ్ చిత్రమును, ఒక్క మాట గల ఫైలును ఎల్‌జిప్‌తో, ‘కె’ చేర్చి, కుదింపుడు. ముందు వెనుకల పరిమాణములను పట్టికగా వ్రాసి, తేడాకు కారణము చెప్పుడు.

3. రిమూవ్, పర్జ్, ఆటోరిమూవ్ అనువానికి గల భేదమును ఒక్కొక్క వాక్యమున వ్రాయుడు.

4. ఒత్తిగ కమాండుతో ఏదైన నొక ప్యాకేజీని తొలగించినట్లు నటింపజేసి, దానితోపాటు పోవునవి యెవ్వియో వ్రాయుడు. నిజముగా తొలగింపవలదు.

5. బెల్లపు దిమ్మకును, పత్తి బేలునకును గల భేదమును మీ ఇంటిలోని పెద్దలకు వివరించి, వారి ఫోనులో ఏ ఫైలు ఏ తరగతికి చెందునో వారితో కలిసి గుర్తింపుడు.